సోల్ మార్చుకోగలిగే బూటే కొనండి

ప్రశ్న: నాది ఖమ్మం దగ్గర పల్లె. రెండేళ్లుగా మినియాపొలిస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వచ్చిన మొదటి చలికాలం 90 డాలర్లు పెట్టి కొన్న బూట్లకి మార్చికల్లా సోల్ ఊడిపోయింది. రెండో జతదీ అదే కథ. విసుగొచ్చింది. ఒక్క మంచి తోలు బూట్ల జత కొనుక్కుని జీవితాంతం అదే వేసుకోవాలని ఉంది. ఆఫీసుకి, మంచులోకి, వీకెండ్ షికార్లకి, ఇండియా వచ్చినప్పుడు పెళ్లిళ్లకి కూడా అదే. 350 డాలర్ల దాకా పెట్టగలను. ఫోన్లో చెబితే నాన్న "కాళ్లకేసుకునే వాటికి 30 వేలా? ఆ డబ్బుతో దూడ వస్తుంది కదరా" అన్నారు. అంత పెట్టడం తప్పా? పెడితే ఏ జత కొనమంటారు? మే నెలలో అమ్మానాన్న ఇక్కడికి వస్తున్నారు. ఆలోపు తేల్చుకోవాలి, టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

తప్పు కాదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. మీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి మినియాపొలిస్ చలికాలం గుర్తొచ్చింది. నేనూ అక్కడ పదకొండేళ్లు ఉన్నాను. మార్చి నెలలో మంచు సగం కరిగి రోడ్డంతా ఉప్పునీళ్ల బురద అవుతుంది కదా, అలాంటి రోజున బస్టాప్‌లో నిలబడి ఉండగా కుడి బూటు ముందువైపు కప్ప నోరు తెరిచినట్టు తెరుచుకుంది. ఆ రోజంతా తడిసిన సాక్స్‌తోనే ఆఫీసులో కూర్చున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి, తొందరగా ఆరతాయని రెండు బూట్లనీ హీటర్ మీద పెట్టాను. తెల్లారేసరికి తోలు వేయించిన అప్పడంలా బిరుసెక్కింది. వేళ్ల దగ్గర వంగే చోట చెయ్యి పెట్టి వంచితే టప్పున పగిలింది. ఆ ఏడాదే, 2010లో, చలి మొదలవక ముందు ఇంకో జత కొన్నాను. మూడుసార్లు సోల్ మార్పించాను. ఇప్పుడు విజయవాడలోనూ అవే వేసుకుంటున్నాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

"జీవితాంతం" అన్నారు. ఏ బూటుకీ సోల్ జీవితాంతం ఉండదు. సిమెంటు రోడ్డు మీద రోజూ రాపిడి పడేది అరిగి తీరుతుంది. ఏళ్ల తరబడి ఉండేది పైతోలు. కాబట్టి కొట్లో మీరు అడగాల్సిన ప్రశ్న "ఇది ఎన్నేళ్లు వస్తుంది?" అని కాదు, "సోల్ అరిగాక దీన్ని విప్పి కొత్తది కుట్టొచ్చా?" అని. కుట్టొచ్చు అన్న బూట్లనే చూడండి. మిగతావి ఎంత ఖరీదైనా, ఎంత పెద్ద పేరున్నవైనా పక్కన పెట్టేయండి.

ఇది మనకి కొత్త సంగతేం కాదు. మా ఊళ్లో చెప్పులు కుట్టే పెద్దాయన ఉండేవాడు. తోలుని లంద అనే తొట్టిలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనేవాళ్లు. తంగేడు బెరడులోని వగరే పచ్చి చర్మాన్ని కుళ్లిపోకుండా తోలుగా మారుస్తుంది. ఒకప్పుడు మద్రాసు నుంచి ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లిన తోళ్లు కూడా చాలావరకు ఈ తంగేడు చెక్కతో ఊనినవే. ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా అదే. మా నాన్న చెప్పుల అడుగు అరిగితే పెద్దాయన ఆరెతో పాత కుట్టు ఊడదీసి, అడుగుతోలు తీసేసి, కొత్త ముక్క పెట్టి కుట్టి ఇచ్చేవాడు. పై వార్లు మాత్రం పాతవే. అవి మా నాన్న పాదానికి అలవాటు పడి ఉండేవి, వాటిని మార్చమని ఆయన ఎప్పుడూ అడగలేదు. పెద్ద పెద్ద కంపెనీలు బూట్లని ఇన్ని వందల డాలర్లకి అమ్ముతున్నా, మంచి బూటు లోపల ఉన్నది ఆ పెద్దాయన పనే.

ఆ పనికి అక్కడున్న పేరు గుడ్‌ఇయర్ వెల్ట్. టైర్ల గుడ్‌ఇయర్ గుర్తొస్తుంది కదూ. రబ్బరుని గట్టిపరిచే పద్ధతి కనిపెట్టిన చార్లెస్ గుడ్‌ఇయర్ పేరే ఆ టైర్ల కంపెనీ పెట్టుకుంది. ఆయన కొడుకు చార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్ బూట్లు కుట్టే యంత్రాన్ని 1870 ప్రాంతంలో ఒక దారికి తెచ్చాడు. అంతకుముందు ఆ కుట్టు చేత్తో వేసేవాళ్లు. పైతోలు, కాలు ఆనే లోపలి సోల్, చుట్టూ ఒక సన్నటి తోలు పట్టీ, ఈ మూడింటినీ కలిపి ఒక కుట్టు పడుతుంది. ఆ పట్టీయే వెల్ట్. దానికీ, నేలకి ఆనే సోల్‌కీ కలిపి రెండో కుట్టు. అంటే అడుగు సోల్ పైతోలుకి నేరుగా తగులుకుని ఉండదు. సోల్ మార్చేటప్పుడు ఆ రెండో కుట్టునే కోస్తారు, పైతోలుకి సూది తగలదు. లోపలి సోల్‌కీ బయటి సోల్‌కీ మధ్య కార్కు పొర ఉంటుంది. కొన్ని నెలలు నడిచేసరికి మీ పాదం అచ్చు అందులో పడుతుంది. జాగ్రత్తగా వాడిన బూటుకి మూడు, నాలుగుసార్లు సోల్ వేయొచ్చు. వెల్ట్ పాడైతే అదీ మార్చొచ్చు.

మీ 90 డాలర్ల బూట్లు గమ్ముతో అతికించినవి అయి ఉంటాయి. గమ్ముతో అతికించిందల్లా చెత్త అనను, రన్నింగ్ షూస్ దాదాపు అన్నీ అంతే. కానీ ఉప్పునీళ్లలో నానుతూ ఆరుతూ ఉండే మినియాపొలిస్ బూటుకి అది చాలదు. ఒక జాగ్రత్త చెబుతాను. కొన్ని చవక బూట్లకి చుట్టూ వెల్ట్ ఉన్నట్టే, దాని మీద తెల్లదారం కుట్టు ఉన్నట్టే కనిపిస్తుంది. చూపుకోసం పెట్టినదే అది. బూటు తిరగేసి అడుగు చూడండి. నిజంగా కుట్టినదైతే చాలా సోల్స్‌కి అంచు వెంబడి చిన్న గాడి, అందులో దారం కనిపిస్తాయి. పైన బోలెడు కుట్లుండి కింద ఒక్కటీ లేకపోతే అనుమానించాల్సిందే. తర్వాత లోపలికి చెయ్యి పెట్టి, మెత్తటి పొర ఉంటే ఎత్తి చూడండి. కింద తోలు ఉందా, అట్ట ఉందా? అట్ట చెమటకి నాని పొడి అవుతుంది. తోలైతే చెమట పీల్చుకుని మళ్లీ ఆరుతుంది.

బాగా పేరున్న కొన్ని బూట్ల గురించి కూడా ఒక మాట. 1960 ఏప్రిల్ 1న పుట్టిన డాక్టర్ మార్టెన్స్ వాళ్ల 1460 అనే మోడల్ అందమైన బూటే. కుట్టు కూడా ఉంటుంది. కానీ సోల్‌ని వేడితో వెల్ట్‌కి కరిగించి అతికిస్తారు కాబట్టి మామూలు చోట్ల సోల్ మార్చడం కష్టం. టాస్మానియా కంపెనీ బ్లండ్‌స్టోన్ వాళ్ల బూటు కాలికి హాయిగా ఉంటుంది. కానీ చాలా మోడళ్లకి సోల్ పోతపోసినట్టు పట్టుకుని ఉంటుంది, అరిగితే బూటే పోయినట్టు. ఇంకో మాట, పాలీయురెథేన్ నురుగుతో చేసిన మెత్తటి సోల్స్ వాడకపోయినా పాడవుతాయి. గాలిలో తేమ తగిలి లోపల్లోపలే విరిగిపోతాయి. నాలుగైదేళ్లు బీరువాలో దాచి ఒకరోజు బయటికి తీసి నాలుగడుగులు వేస్తే సోల్ రొట్టెముక్కలా రాలిపోవచ్చు. మన కోస్తా తేమలో ఆ గండం ఇంకా ఎక్కువ. మీరు ఎప్పటికైనా ఇటు తిరిగొచ్చే మనిషైతే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక తోలు. బూటు మీద "జెన్యూన్ లెదర్" అని మాత్రమే రాసి ఉంటే సంబరపడకండి. అది తోలే అని చెబుతుందంతే, ఎలాంటి తోలో చెప్పదు. మీకు కావలసింది ఫుల్ గ్రెయిన్. చర్మం పై పొరని చిత్రిక పట్టకుండా, పశువు ఒంటి మీద ఉన్నది ఉన్నట్టు ఉంచిన తోలు అది. నార దట్టంగా అల్లుకుని ఉండేది ఆ పై పొరలోనే. చిన్న గీతలు, దోమకాటు మచ్చలు, అక్కడక్కడా రంగు తేడా కనిపిస్తే వదులుకోకండి, అది పై పొర చెక్కుచెదరలేదనడానికి గుర్తు. ఆ పొరని గీకేసి, ప్లాస్టిక్ లాంటి పూత పూసి, నున్నగా అద్దంలా చేసిన తోలు కొట్లో మెరిసిపోతుంది. రెండేళ్లకి మడతల దగ్గర పూత పొట్టులా లేస్తుంది, దానికి ఏ పాలిషూ ఎక్కదు. బొటనవేలితో నొక్కి చూడండి. మంచి తోలు మీద వేలి చుట్టూ సన్నటి ముడతలు పడి, వేలు తీయగానే సర్దుకుంటాయి.

ఇప్పుడు అసలు ముఖ్యమైన సంగతి, సైజు. దీని కోసం ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి. ఎంత గొప్ప బూటైనా కాలికి సరిపోకపోతే నాలుగోసారి వేసుకోవాలనిపించదు, బీరువాలో పడి ఉంటుంది. ఇంటర్నెట్‌లో కొనకండి. సాయంత్రమే వెళ్లండి, పొద్దుటికంటే అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. చలికాలం వేసుకునే ఉన్ని సాక్స్ తీసుకెళ్లండి. బ్రానక్ అనే లోహపు పలక మీద నిలబెట్టి కొలవమని అడగండి, ఇప్పటికీ మంచి కొట్లలో ఉంటుంది. రెండు పాదాలూ కొలిపించండి. ఒకటి కాస్త పెద్దదిగా ఉండటం మామూలే, బూటు ఆ పెద్దదానికి సరిపోవాలి. మడమ నుంచి వేళ్ల కొస దాకా ఉండే పొడవు ఒక్కటే చాలదు. మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే ఎముక దాకా ఇంకో కొలత ఉంటుంది. బూటు వంగే చోటు సరిగ్గా ఆ ఎముక దగ్గరికి రావాలి. లేదంటే తోలు ఒకచోట, పాదం ఇంకోచోట వంగుతాయి.

వెడల్పు విషయంలో మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తింటారు. ఉత్తికాళ్లతో, చెప్పులతో పెరిగిన పాదాలకి వేళ్లు విచ్చుకుని ముందుభాగం వెడల్పుగా ఉంటుంది. నాదీ అంతే, పల్లెలో పెరిగిన మీదీ అలాగే ఉండొచ్చు. మామూలు వెడల్పు బిగుతుగా ఉందని చాలామంది ఒక సైజు పెద్దది తీసుకుంటారు. అప్పుడు ముందు హాయిగా ఉన్నా వెనక మడమ లేస్తూ ఉంటుంది, నెల తిరిగేలోపు బొబ్బలు. అలా చేయకండి. అమెరికాలో మగవాళ్ల బూట్లకి డి అంటే మామూలు వెడల్పు, ఈఈ అంటే వెడల్పైనది. పొడవు అదే ఉంచి వెడల్పు మార్చి చూపించమనండి. తోలు అడ్డంగా కాస్త సాగుతుంది, పొడవుగా మాత్రం సాగదు. కొత్తలో మడమ కొంచెం కదిలినా పర్వాలేదు, సోల్ వంగడం నేర్చుకున్నాక అది తగ్గుతుంది. బొటనవేలు మాత్రం ముందు తగలకూడదు. "వాడగా వాడగా సర్దుకుంటుంది" అని ఎవరు చెప్పినా నమ్మకండి. లేసులు కట్టుకుని కొట్లో ఇరవై నిమిషాలు నడవండి, మెట్లుంటే దిగి చూడండి.

ఏ జత అని సూటిగా అడిగారు. మీరున్న చోటే జవాబు ఉంది. మీకు గంట ప్రయాణం దూరంలో, మిసిసిపీ ఒడ్డున రెడ్ వింగ్ అనే ఊరుంది. 1905లో చార్లెస్ బెక్‌మన్ అనే చెప్పుల కొట్టు యజమాని అక్కడ మొదలుపెట్టిన కంపెనీ పేరు కూడా అదే. వాళ్లకి కావలసిన తోలు చాలావరకు ఆ ఊళ్లోనే, 1872లో మొదలైన ఎస్.బి. ఫుట్ టానరీలో తయారవుతుంది. వాళ్ల ఐరన్ రేంజర్ చూడండి. మీ రాష్ట్రం మినసోటా ఉత్తరాన ఉన్న ఇనుప గనుల ప్రాంతం పేరు మీద వచ్చిన బూటు అది. ఆరంగుళాల ఎత్తు, వేళ్ల మీద రెండో పొర తోలు, గుడ్‌ఇయర్ వెల్ట్. కింద విబ్రమ్ కంపెనీ రబ్బరు సోల్ ఉన్నదే తీసుకోండి. సన్నటి గాడులుండే ఆ సోల్ తడి నేల మీద పట్టు ఇస్తుంది, చూడటానికి మోటుగా ఉండదు కాబట్టి ఆఫీసులోనూ నప్పుతుంది. తోలు సోల్ బూట్లు ఎంత బాగున్నా మంచు కురిసే ఊళ్లో వద్దు. ధర మీరనుకున్న 350 డాలర్ల చుట్టుపక్కలే ఉంటుంది. ఈ బూట్లలో చాలామందికి తమ కొలత కంటే అర సైజు చిన్నది సరిపోతుంది. అయినా పాదం పెట్టి చూసుకోకుండా తీసుకోవద్దు.

రంగు ముదురు బ్రౌన్. జీన్స్ మీదికి, ఆఫీసు ప్యాంట్ల మీదికి రెండిటికీ కుదురుతుంది, గీతలు పడ్డా కలిసిపోతాయి.

లేసుల సంగతి తీసిపారేయలేను. అమెరికావాళ్లు రాసే బూట్ల సలహాల్లో ఇది పెద్దగా కనిపించదు, ఎందుకంటే ఎక్కడికెళ్లినా గడప దగ్గర బూట్లు విప్పే అలవాటు వాళ్లలో అందరికీ లేదు. మనం విప్పుతాం. స్నేహితుల ఇల్లు, గుడి, పూజ, ఎక్కడికెళ్లినా విప్పాల్సిందే. ఐరన్ రేంజర్‌కి పై వరుసల్లో రంధ్రాల బదులు కొక్కేలుంటాయి, లేసు చటుక్కున తప్పించొచ్చు. అదీ ఓపిక లేదనుకుంటే లేసుల్లేని చెల్సీ బూటు ఉంది. అడిలైడ్ దగ్గర 1932లో మొదలైన ఆర్.ఎం. విలియమ్స్ వాళ్లు పైభాగం మొత్తం ఒకే తోలుముక్కతో చేస్తారు. చాలా అందంగా ఉంటాయి, సోల్ మార్చొచ్చు, పక్కనున్న ఎలాస్టిక్ వదులైతే అదీ మార్చొచ్చు. ధర మాత్రం మీ బడ్జెట్ దాటుతుంది. పైగా మంచులో లేసుల బూటు పట్టినట్టు చీలమండని పట్టదు. అందుకే మీకు లేసులే అంటాను. ఏదైనా సరే, నిలబడి కాలితో కాలు తొక్కి బూటు లాగొద్దు. వెనక మడమ భాగం విరిగితే దాన్ని బాగుచేయడం సోల్ మార్చినంత తేలిక కాదు.

ఒక జతతో అన్నీ జరగాలన్నారు. రెండు చోట్ల కుదరదు. జనవరిలో సున్నాకి 20, 25 డిగ్రీల కింద బస్టాప్‌లో నిలబడటానికి లోపల ఉన్ని లేని తోలు బూటు చాలదు. మోకాలి లోతు మంచులోకి అసలే పనికిరాదు. ఆ కొద్ది వారాలకి కింద రబ్బరు, లోపల ఉన్ని ఉన్న చవక మంచు బూట్లు ఒక జత పక్కన ఉంచుకోండి. రెండోది పెళ్లిళ్లు. పెళ్లిలో మండపం ఎక్కాలంటే విప్పాలి, అక్షతలు వేయాలంటే విప్పాలి. మే నెల ఎండలో 30 వేల బూట్లు చెప్పుల గుట్టలో వదిలేసి మనసు అక్కడ పెట్టుకుని భోజనం చేయడం ఎందుకు? చక్కగా చెప్పులతో వెళ్లండి.

అసలు ఏ తోలు బూటునీ రోజూ వేసుకోకూడదు కూడా. పాదం చెమట తోలులోకి ఇంకుతుంది, పూర్తిగా ఆరడానికి ఒక రోజు కావాలి. ఆరకుండా మళ్లీ వేసుకుంటూ పోతే లోపలి సోల్ పాడవుతుంది. రోజు మార్చి రోజు వేసుకోండి. మధ్యలో రోజుకి ఆఫీసులో మామూలు షూస్ చాలు. విప్పగానే దేవదారు చెక్క అచ్చులు లోపల పెట్టండి, తేమ పీల్చుకుంటాయి, మడతలు సాగదీస్తాయి. అచ్చులు కొనేదాకా న్యూస్‌పేపరు ఉండలైనా పెట్టొచ్చు.

అక్కడి చలికాలంలో తోలుకి శత్రువు మంచు కాదు, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు. ఇంటికొచ్చాక బూటు మీద తెల్లటి అలల గీత కనిపిస్తే మర్నాటికి వదలకండి. ఒక వంతు తెల్ల వెనిగర్, రెండు వంతుల నీళ్లు కలిపి గుడ్డ తడిపి తుడవండి, తర్వాత ఉత్తి నీళ్ల గుడ్డతో ఒకసారి. గదిలోనే, హీటర్‌కి దూరంగా ఆరనివ్వండి. ఏడాదికి రెండు, మూడుసార్లు లెదర్ కండిషనర్ పల్చగా రాస్తే చాలు. మీ నాన్నగారు ఆముదం రాయమంటారేమో. ఊళ్లో చెప్పులకి అది సరైన మందే. చెక్కతో ఊనిన ఆ తోలు ఎండి బిరుసుగా ఉంటుంది, ఆముదం తాగి మెత్తబడుతుంది. ఈ బూట్ల తోలుకి టానరీలోనే నూనె, మైనం పట్టించి పంపుతారు. దాని మీద మళ్లీ నూనె పోస్తే తోలు నల్లబడి, బలం తగ్గి వేలాడుతుంది.

ఇండియా తెచ్చినప్పుడు నేను చేసిన తప్పు మాత్రం చేయకండి. విజయవాడ వచ్చిన కొత్తలో దుమ్ము పడకూడదని పాలిథిన్ కవర్లో కట్టి బీరువాలో పెట్టాను. వానాకాలం పోయాక తీస్తే రెండు బూట్ల మీదా తెల్లటి బూజు, వెన్న రాసినట్టు. వెనిగర్ నీళ్లతో తుడిచి, నీడలో గాలికి వారం పెట్టాక గానీ వాసన పోలేదు. గుడ్డసంచీలో, గాలి ఆడే చోట పెట్టండి.

సోల్ ఎప్పుడు మార్చాలంటే, చిల్లు పడేదాకా ఆగకూడదు. మడమ రబ్బరు ఒక పక్క అరిగి కింది తోలు పొరలు కనిపించబోతుంటే ముందు ఆ రబ్బరు ఒక్కటే మార్పించండి, చిన్న పని. నాకు ఈమధ్య ఆ పని ఇక్కడ బస్టాండ్ దగ్గర కూర్చునే ఆయనే చేసిపెట్టారు. పాత రబ్బరు ఊడదీసి, లోపలి పొరల్ని గోటితో గీకి చూసి, "అట్ట పెట్టలేదు, అంతా తోలే" అని పక్కనున్న కొడుక్కి చూపించారు. ఆ అబ్బాయి బూటు తీసుకుని వెల్ట్ కుట్టు చుట్టూ వేలు తిప్పుతూ ఎంతసేపు చూశాడో. మొత్తం సోల్ మార్చే పని మాత్రం అమెరికాలోనే, వెల్ట్ పని తెలిసిన చోటే చేయించండి. 125 డాలర్ల చుట్టుపక్కల అవుతుంది.

నాన్నగారికి లెక్క ఇలా చెప్పండి. బూటుకి 350, పదిహేనేళ్లలో మూడుసార్లు సోల్‌కి 375, మొత్తం 725 డాలర్లు. ఏడాదికి 50 లోపే. మీరు ఇప్పటిదాకా ఏడాదికో జత చొప్పున 90 పెడుతున్నారు, కాళ్లు తడుపుకుంటూ.

లెక్కతో ఒప్పుకోకపోతే, వాళ్లు వచ్చాక మే నెలలో ఒక శనివారం రెడ్ వింగ్ ఊరికి కారులో తీసుకెళ్లండి. కంపెనీ నూరేళ్ల పండుగకి చేసిన పదహారడుగుల ఎత్తు బూటు అక్కడ కొట్లోనే నిలబెట్టి ఉంటుంది. అమ్మగారిని దాని పక్కన నిలబెట్టి ఫోటో తీయండి. కొనడం అప్పటిదాకా ఆపండి, చలి వెళ్లిపోయింది కాబట్టి తొందరేం లేదు. మీ సైజు తేలాక బూటు కాలికి వేసుకునే ముందు నాన్నగారి చేతికివ్వండి. ఊళ్లో చెప్పులు కుట్టించుకున్న మనిషి కదా, ఆయన పైన మెరుపు చూడరు. బూటు తిరగేసి, కుట్టు చూస్తారు.